“పల్లెటూరి పిల్లగాడు”: మాతృవ్యంగ్యము

నల్లగొండసీమకు చెందిన సుద్దాల హనుమంతు రచించిన “పల్లెటూరి పిల్లగాడా” యను గేయము తెలంగాణ రైతాంగపోరాట కాలము నాటిది. గౌతమ్ ఘోష్ దర్శకత్వమున వెలువడిన “మా భూమి” చలనచిత్రము వలన అది తెలుగునాట మరింత వ్యాపించినది. జీతమునకు కుదిరి పసుల గాచు చిన్నవాని సంబోధించుట ఇందలి వస్తువు. దొరల దౌష్ట్యమును గర్హించు గేయముగా దీనిని సాధారణముగా గ్రహింతురు. ఆ గ్రహణము తప్పు గాదు, అసమగ్రము.

గేయారంభమున, పాలు మరచి యెన్నాళ్లయినదని బాలునికి ప్రశ్న కలదు. అభిధచేత పాలు క్షీరమే. కాని జీతగానిని అట్లడుగుట ఆహారమును గూర్చి గాదు. చనుబాలు మానిన నాటికిని కొలువున చేరిన నాటికిని నడుమ వానికి బాల్యమే లేదని తెలుపుటకు. తల్లి యను పదము ఆ ప్రశ్నయందు లేదు. క్షీరశబ్దమే ఆమెను స్ఫురింపజేయుచున్నది. వాచ్యముకంటె ప్రతీయమానము మిన్న యన్న ఆనందవర్ధనుని సిద్ధాంతమునకు ఈ జానపదఫణితియు లక్ష్యమగును.

మఱియు సంబోధనమునకు అభిముఖీకరణము ప్రయోజనమని వైయాకరణులందురు. ఇచట బాలుని తనవైపు త్రిప్పుకొనునది తల్లి గాదు, పరుడైన గాయకుడు. తల్లి పిలువవలసిన చోట పరుడు పిలుచుటయే ఇందలి కరుణమునకు మూలము.

తల్లి యెచట నున్నదని విచారించుట గేయబాహ్యమని యాక్షేపింపవచ్చును. కాని వ్యంగ్యార్థప్రతీతికి దేశకాలజ్ఞానము సహకారి. నల్లగొండ, మహబూబునగరముల నేల పెక్కుచోట్ల మెట్ట. సేద్యము వానకు లోబడినది. నాటు, కలుపు, కోత స్త్రీలచేతులమీద సాగును. తల్లి పొలమున నుండగా చంటిబిడ్డ నెత్తుకొనునది పెద్దపిల్ల; మగపిల్లవాడు పసులవెంట బోవును. తన్ను గాచువారు లేని పసివాడు పసులను గాచుచున్నాడు. రెండుచోట్లను ధాతువొక్కటే, కర్మ కావలసినవాడు కర్త యైనాడు.

స్త్రీశక్తి సంఘటన 1986లో ప్రకటించిన “మనకు తెలియని మన చరిత్ర” యందు, ఉద్యమమునకై బిడ్డలను పరుల కప్పగింపవలసివచ్చిన తల్లుల గోడు వినబడును. గేయమున వ్యంగ్యమైనది అచట వాచ్యమైనది. కావున రెంటిని జోడించి చదువుట యుక్తము.

ఈ యర్థమునకు కాలము చెల్లలేదు. 1948 నాటి కర్మాగారచట్టము ఆరేండ్లలోపు బిడ్డలకు శిశుగృహమును విధించెను. 1975లో ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకమునందలి అంగన్‌వాడీల కవధి ఆరేండ్లు. 2005 నాటి ఉపాధిహామీ చట్టము 2006లో తొలివిడతగా ఈ రెండు జిల్లాలందును అమలైనది. పనిచోట ఆరేండ్లలోపువారు ఐదుగురు గాని అంతకెక్కువ గాని యున్నచో, వారిని చూచుటకొక స్త్రీని నియమించి ఆమెకును కూలి యీయవలెనని అది విధించెను. బిడ్డను చూచుటయు పనియేయని శాసన మంగీకరించిన చోటిది. అయినను మూడింటను హద్దు ఆరేండ్లే. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఆరు మొదలు పదునాలుగేండ్లవరకు బడి నిచ్చినది. బడి విడిచిన వేళకును తల్లి పనినుండి మరలు వేళకును నడిమి యెడమును పూరింపలేదు. ఆ యెడమున పెద్దపిల్ల బడి మానును, లేదా తల్లి కూలి మానును. పాలమూరు కూలీలు నగరములకు వలసపోవునప్పుడు ఆ యెడము గడియలతో ముగియక నెలలగును.

కావున ఈ గేయమును బోధించు పండితులు “పసులకాపరి” యని టీక చెప్పి విడువరాదు. వీనిని పిలువవలసినదెవరు, ఆమె యెచట నున్నది, ఏల రాలేకపోయినది అని విద్యార్థుల నడుగవలెను. సాయంకాలము గంట కొట్టినపిమ్మట ఇంటికి పోక బడియరుగుపై కూర్చున్న పిల్లలకు ఆ సమాధానము ముందే తెలిసియుండును.