మూలప్రతి లేని ప్రూఫురీడరు

పార్కులో ఎవరో చేతిలో పెట్టిన కరపత్రం ఈ వారమంతా నన్ను చిరాకు పెట్టింది. శరీరానికి అన్నీ తెలుసట, దాని తప్పులు అదే దిద్దుకుంటుందట. నా పాత గోల మీకు తెలిసిందే: ‘ఎలా?’ అని అడగనివ్వని పొగడ్త నాకు గిట్టదు.

జన్యువు నుంచి నకలైన మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏను చదువుతూ రైబోజోమ్ ప్రోటీన్ తయారుచేస్తుంది. ఒక్క అక్షరం మారి మధ్యలోనే ‘ఆగు’ అనే సంకేతం పడితే అరకొర ప్రోటీనే వస్తుంది. అలాంటి సందేశాన్ని కణం చాలావరకు పట్టుకుని ముక్కలు చేసేస్తుంది. అది తప్పని ఎలా తెలిసింది?

సీసపు అక్షరాల రోజుల్లో మా ప్రెస్సులో కాపీ హోల్డర్ మూలప్రతిని కామాలూ ఫుల్‌స్టాపులతో సహా పైకి చదివేవాడు. ప్రూఫురీడరు గ్యాలీ మీద వేలు జరుపుకుంటూ వెంట నడిచేవాడు. వాక్యం తెగిందో, రచయితే ఆపాడో తేల్చేది ఆ మూలప్రతే. రైబోజోమ్‌కు ఆ తోడు లేదు. దానికున్నవల్లా అతుకుల గుర్తులు. నకలులోంచి ఇంట్రాన్లనే అక్కర్లేని భాగాలను కత్తిరించి మిగతా ముక్కల్ని అతికినప్పుడు, అతుకుకు 20–24 అక్షరాల ఇవతల ఒక ప్రోటీన్ల గుంపు కూర్చుంటుంది. రైబోజోమ్ చదువుకుంటూ పోతూ వాటిని తొలగిస్తుంది. అసలైన ‘ఆగు’ సాధారణంగా చివరి అతుకు దాటాకే ఉంటుంది. రైబోజోమ్ ఆగాక కూడా దారిలో గుర్తు మిగిలిందంటే యూపీఎఫ్1 అనే ప్రోటీన్ పని మొదలుపెడుతుంది, ఎస్‌ఎంజీ6 ఆ సందేశాన్ని కోసేస్తుంది. ఎంత పొదుపైన ఉపాయం!

సార్డీనియాలో తలసీమియాకు ప్రధాన కారణం బీటా గ్లోబిన్ సందేశంలో 39వ కోడాన్‌లో, అంటే 39వ మూడక్షరాల మాటలో, పడిన ‘ఆగు’. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే సంక్రమిస్తే స్వల్ప రక్తహీనతతో సరిపోతుంది, ఎందుకంటే ఆ సందేశం నాశనమవుతుంది. 121వ కోడాన్‌లో పడితే, ఆ తర్వాత అతుకే లేదు కనుక సందేశం తప్పించుకుంటుంది. పొట్టి ప్రోటీన్ పోగుపడి ఎర్రరక్తకణాల తయారీనే దెబ్బతీస్తుంది. అప్పుడు ఒక్కరి నుంచి వచ్చినా జబ్బే.

ఇంతవరకూ కణానికి దండం పెట్టాలనే ఉంది. కానీ ఇది దిద్దడం కాదు, చింపేయడం. డుషేన్ కండరాల క్షీణతతో బాధపడే పిల్లల్లో కొందరికి కారణం ఇలాంటి ‘ఆగు’ సంకేతమే. రైబోజోమ్‌ను దాని మీదుగా దాటించే మందుల కోసం ప్రయత్నాలు జరుగుతున్నాయి. తీరా చదవడానికి మిగిలే సందేశమే తక్కువ! ఆ పిల్లల దగ్గర కణం కాస్త చూసీచూడనట్టు పోవాలనే నేను కోరుకుంటాను. పూర్తిగా ఆపేద్దామంటే కుదరదు. ఏ తప్పూ లేని కొన్ని సందేశాల మోతాదును అదుపు చేసేదీ ఈ ఏర్పాటే. ఎంత సడలించాలి, ఎక్కడ సడలించాలి అన్నది తేలాలి.