రాయబారంలో లేని హిడింబి

మిరప కోతలు మొదలైతే మా ప్రత్తిపాడు వైపు బడి సగం ఖాళీ. అమ్మానాన్నల వెంట కోతకు పోగా మిగిలిన తొమ్మిదో తరగతి పిల్లలతో ఈ ఏడు ఇంగ్లీషు పీరియడ్‌లో విల్‌ఫ్రెడ్ ఓవెన్ కవిత ‘డుల్సే ఎట్ డెకోరమ్ ఎస్ట్’ చదివాను. 1917లో రాసింది. విషవాయువు కమ్మినప్పుడు ముసుగు తొడుక్కోలేకపోయిన సిపాయి ఊపిరాడక చావడం అందులో ఉంది. మన టీచర్లం దీన్ని జాలి కవితగా చెప్పి వదిలేస్తాం. నా దృష్టిలో అది జాలి కాదు, వాదన. కవి చివర్లో ఒకరిని ఎదురుగా నిలబెట్టి నిలదీస్తాడు. తొలి ప్రతిలో ఆ కవితను జెస్సీ పోప్‌ను ఉద్దేశించి రాశాడు. కుర్రాళ్ళను సైన్యంలో చేరమని పద్యాలు రాసినావిడ. ఓవెన్ 1918 నవంబరు 4న యుద్ధంలోనే పోయాడు. వారానికి యుద్ధం ఆగింది.

ఒక్క లోటు. చచ్చే సిపాయి తన మాట తాను చెప్పుకోడు, పక్కనున్న ఆఫీసరు చెబుతాడు. అయినా పక్కనే ఉన్నాడు, అది చాలా నయం.

ఒప్పించే మాటకు మనకు ఇంగ్లీషు పుస్తకమే అక్కర్లేదు. తిరుపతి వెంకట కవుల కృష్ణరాయబారం పద్యాలు మైకుల్లో విని పెరిగినవాళ్ళం. బతిమాలడం, బెదిరించడం, కనీసం ఐదూళ్ళైనా ఇవ్వమనడం, అంతా అందులోనే ఉంది. నాకూ ఇష్టమే. కానీ ఆ సభలో హిడింబి లేదు. అడవి తల్లి. ఆమె కొడుకు ఘటోత్కచుణ్ణి యుద్ధానికి పిలిచారు. అర్జునుడి కోసం దాచిన శక్తిని కర్ణుడు వాడి మీద వాడేశాడు. పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడు సంతోషించాడు.

అందుకే వక్తృత్వానికి ‘యుద్ధం అవసరమా’ అన్న పాత అంశం తీసేసి, హిడింబి ఆ సభకొస్తే ఏం మాట్లాడుతుందో చెప్పమన్నాను. గైడులో దొరకదు కాబట్టి చాలామంది నోరు తెరవలేదు. మా యానాది పిల్ల ఒకతె లేచింది. ముందు తెలుగులోనే అంది: “ఐదుగురికి ఐదూళ్ళు అడిగారు. మావాడికి ఏ ఊరు?” తర్వాత ఇంగ్లీషులో, ‘విచ్ విలేజ్ ఫర్ మై సన్?’ అని కూర్చుంది.

నా మార్కుల కాగితంలో సభకు నమస్కారం చెప్పినందుకు రెండు, ముగింపుకు రెండు ఉన్నాయి. ఆ పిల్ల రెండూ చెప్పలేదు. కాగితం ప్రకారం పదికి ఆరు దాటవు. కాగితం చింపేసి మళ్ళీ రాసుకున్నాను.