సమష్టి కల్పనలో నామౌచిత్యము, కథాసంగతి

ఒక్క కవి రచించు కథలో పాత్రకు పేరిడుట అతని యిష్టము. పలువురు కూడి అల్లు కథలో అది ఒడంబడిక. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారి కృషిచే వెలువడిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' మొదలుకొని వ్యాపించిన పాత్రధారణక్రీడలు ఇట్టి సమష్టి కల్పనలే. నిర్వాహకుడు లోకమును వర్ణించును. ఆటగాండ్రు తమతమ పాత్రల పక్షమున పలుకుదురు. సందిగ్ధమైనచోట పాచికలు ఫలితమును నిర్ణయించును. ముందుగా వ్రాసిపెట్టిన కథ యుండదు, ఆడినదే కథ. కావున రెండు వివాదములు తరచుగా పుట్టుచుండును. ఈ పేరు ఈ లోకమునకు తగునా? ఈ సంఘటన వెనుకటి కథతో పొసగునా? ఈ రెండును సాహిత్యవిమర్శకు చెందిన ప్రశ్నలే.

క్షేమేంద్రుడు ఔచిత్యభేదములను పరిగణించుచు నామౌచిత్యమును ప్రత్యేకముగా పేర్కొనెను. అయితే పేరు దేనికి ఉచితమై యుండవలెను? లోకమంతటికిని ఒకే భాషలో పేర్లుండవలెనని కొందరి పట్టుదల. హైదరాబాదులోని అమీరుపేటలో కంప్యూటరు శిక్షణకై పలుజిల్లాల నుండి వచ్చిన యువకుల వసతిగృహములు కలవు. అట్టి యొక గదిలో ముగ్గురు నలుగురు తెలుగున ఈ ఆట ఆడుచున్నారని భావింతము. ఒకడు తన వీరునకు విక్రాంతసేనుడని పేరిడెను. వేరొకడు గొర్రెల మల్లన్న అనెను. మూడవవాడు కాసిం అనెను. ఇది రాజుల లోకము, సంస్కృతనామములు తప్ప చెల్లవని నిర్వాహకుడు కడపటి రెండింటిని త్రోసిపుచ్చినచో అది న్యాయమగునా?

ఆ గది యున్న పేట పేరే దీనికి సమాధానము. 'అమీరు' అరబ్బీ మూలమున ఉర్దూ ద్వారా వచ్చిన మాట; 'పేట' మన వాడుక. ప్రక్కనున్న పంజాగుట్టలో 'పంజా' పారసీకము, 'గుట్ట' తెనుగు. ఈ కలయిక దోషము కాదు. ఏయే భాషలవారు ఇచట కలిసి బ్రదికిరో చెప్పు సాక్ష్యము. కల్పితలోకమునకును చరిత్ర యుండవలెను గదా! చరిత్ర గల లోకమున పేర్లన్నియు ఒకే అచ్చున నుండుటయే అసహజము. 'పాతాళభైరవి' (1951) చిత్రమున ఉజ్జయిని రాకుమారి ఇందుమతి. ఆమెను వలచినవాడు తోటరాముడు. ఆ రెండు పేర్ల నడుమ నున్న దూరమే కథకు బీజము. తోటరాముని పేరు సంస్కరించినచో కథయే అడుగంటును. మల్లన్నను నిషేధించువాడు ఒక పేరును మాత్రమే కాదు, ఆ లోకమున గొఱ్ఱెలకాపరికి గల తావును నిషేధించుచున్నాడు. ఆ పేరు తెచ్చిన ఆటగానిని సైతము వాకిటనే నిలుపుచున్నాడు.

అయినను ఎగతాళికై తెచ్చిన పేరును, సినిమానటుని పేరును అంగీకరింపనక్కరలేదు. అవి భాషచేత గాక, తోడివారి విశ్వాసమును భంగపఱచుటచేత దుష్టములు.

ఇక నిలిచిన పేరు సంగతి. బలరాముని కూతురు అభిమన్యుని పెండ్లాడిన కథ వ్యాసభారతమున లేదు. తెలుగువారికి ఆమె శశిరేఖ, తమిళులకు వత్సల. కె.వి. రెడ్డి 1957లో 'మాయాబజార్'ను రెండు భాషలలోను తీసినపుడు ఏ భాషవారి పేరును ఆ భాషలోనే నిలిపెను. మూలమున లేని పేరునకు ఈ ప్రామాణ్యము ఎచటినుండి వచ్చెను? వినినవారి జ్ఞాపకమునుండి. ఆటలోను అంతియే: పదిమంది పలికిన పేరు ఒక్కని సొత్తు కాదు.

కథాసంగతికి మన సాహిత్యమున ఎఱ్ఱనను మించిన ఆదర్శము లేదు. నన్నయ విడిచిన అరణ్యపర్వశేషమును దాదాపు మూడు శతాబ్దుల పిమ్మట పూరించుచు, అతడు దానిని రాజరాజనరేంద్రునకే అంకితముగా, నన్నయ రచనయే యన్నట్లు నడపెను. తిక్కన విరాటపర్వము మొదలుకొని తన మార్గమున వ్రాసి హరిహరనాథునకు సమర్పించెను. సొంతముగా నడచుటకు తావున్నచోట తిక్కన నడచెను. ఇతరుడు ఆరంభించిన పనిని పూర్తిచేయవలసినచోట ఎఱ్ఱన తన్ను మఱుగుపఱచుకొనెను. సమష్టికర్తలకు ఈ రెండును ధర్మములే.

పురాణములలో విరుద్ధకథలకు కల్పభేదమని సమాధానము చెప్పుట కలదు గదా, ఆటలో నేల చెప్పరాదని కొందరనవచ్చును. పురాణశ్రోతకు అది చాలును. అతడు అందు ఏమియు ఒడ్డలేదు. ఆటగాడు ఒడ్డినాడు. నిన్నటిరాత్రి వంతెనపై శత్రువుల నడ్డగించి మల్లన్న మరణించెను. నేడు నిర్వాహకుడు మఱచియో, కథ తనకు అనుకూలించుటకో, ఆ వంతెనయే లేదన్నచో వ్యర్థమగునది వంతెన కాదు, ఆ త్యాగము. పూర్వకథను ఎన్నటికిని మార్చరాదని కాదు. మార్చునపుడు దానిని నిర్మించినవారి సమ్మతి పొందవలెను.

కావున సంగతి యనునది లోకమున కెల్ల ఒకే రంగు పులుముట కాదు. తోడివాడు చేసినదానిని జరిగినదిగా అంగీకరించుట. పేరును పరీక్షించునపుడు అది ఏ భాషదని గాక, ఆ లోకమున ఎట్లు పుట్టినదని అడుగవలెను.