కుడి షిఫ్ట్ మీద వేలు

"ఫార్మాట్ కొట్టాలండీ" అన్న మాట మీద నాకున్న పగ ఈ కాలమ్ చదివేవాళ్లకి కొత్త కాదు. సౌండ్ రాకపోయినా ఫార్మాటే, ప్రింటర్ కాగితం లాగకపోయినా ఫార్మాటే. నేనిలా రాసినప్పుడల్లా రిపేరు షాపుల నుంచి తిట్లతో ఉత్తరాలొస్తాయి. ఈ వారం ఇంకో నాలుగొచ్చినా సరే, రాయక తప్పేట్టు లేదు.

మా మేనకోడలు జూనియర్ కాలేజీలో లెక్చరరు. ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసింది.

"మావయ్యా, కీబోర్డు పోయింది. కొత్తది కొన్నాను. అదీ పోయింది."

"పోవడమంటే? అసలేమీ పడటం లేదా?"

"నొక్కి పట్టుకుంటే పడుతోంది. మామూలుగా టైప్ చేస్తే ఒక్క అక్షరం రావట్లేదు. షాపతను వైరస్ అంటున్నాడు. ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ వెయ్యాలట. మార్కుల షీట్లన్నీ దాంట్లోనే ఉన్నాయి."

నా చెవిలో ఆ మాట పడనే పడింది. రెండు కీబోర్డులకీ ఒకే జబ్బు వచ్చిందంటే జబ్బు కీబోర్డుది కాదని చెప్పడానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు. పాత కీబోర్డుని ఇంకో సిస్టమ్‌కి తగిలించి చూసినా తేలిపోయేది. అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకున్నట్టు, బంగారంలాంటి కీబోర్డుని మూలన పడేశారు.

"చివరిసారి బాగా పనిచేసినప్పుడు ఏం చేస్తున్నావమ్మా?"

"ఫైళ్లు సెలెక్ట్ చేస్తున్నాను. ఇంతలో మా ప్రిన్సిపల్ గారు ఫోన్ చేశారు."

"మాట్లాడుతున్నంతసేపూ వేలెక్కడుంది?"

కాసేపు ఆలోచించింది. "షిఫ్ట్ మీదే ఉందనుకుంటా. కుయ్యిమని ఏదో సౌండొచ్చింది, ఏదో అడిగింది. ఎస్ కొట్టేశాను."

"ఇప్పుడు కుడివైపు షిఫ్ట్ మీద మళ్లీ వేలుంచి 8 సెకన్లు పట్టుకో."

అంతే. ఫార్మాటూ లేదు, వైరసూ లేదు. కుడి షిఫ్ట్‌ని 8 సెకన్లు వదలకుండా పట్టుకుంటే విండోస్‌లో ఫిల్టర్ కీస్ అనే సౌకర్యం ముందుకొస్తుంది. అది ఆన్ అయిందంటే, కీని కాసేపు నొక్కి ఉంచితే తప్ప అక్షరం పడదు. చేతులు వణికేవాళ్లు ఒక కీ నొక్కబోయి పక్క కీని తాకినా, ఒకే కీని వరసగా రెండుసార్లు తాకినా ఆ పొరపాటు తాకిళ్లను వడకట్టడానికి పెట్టినది. మళ్లీ అన్నే సెకన్లు పట్టుకుంటే ఆగిపోతుంది. దీని తోబుట్టువే స్టిక్కీ కీస్. షిఫ్ట్‌ని వరసగా 5 సార్లు కొడితే లేస్తుంది. ఏం రాయాలా అని ఆలోచిస్తూ వేలితో షిఫ్ట్ మీద తాళం వేసే అలవాటున్నవాళ్లందరికీ ఆ చప్పుడు పరిచయమే.

విండోస్‌లో మనం అడగని సౌకర్యాలు ఇలా చాలానే పొంచి ఉంటాయి. పాత ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవరున్న మెషిన్‌లో కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని కింది బాణం నొక్కితే స్క్రీన్ తలకిందులవుతుంది. పై బాణం నొక్కితే మళ్లీ నిలబడుతుంది. ఈ సంగతి తెలియక మానిటర్‌నే తిరగేసి, పుస్తకాల ఆసరాతో నిలబెట్టి పనిచేసుకుంటున్న గుమాస్తా గారిని ఒక ఆఫీసులో కళ్లారా చూశాను. విండోస్ కీతో పాటు పి నొక్కి 'రెండో స్క్రీన్ మాత్రమే' అన్నది ఎంచుకుంటే, మన ముందున్నది నల్లబడే ప్రమాదముంది. విండోస్ కీతో స్పేస్ బార్ తగిలితే ఇంగ్లిషు కాస్తా తెలుగవుతుంది. పాస్‌వర్డ్ పెట్టెలో అన్నీ చుక్కలే కనబడతాయి గనక, లోపల తెలుగు పడుతోందని తెలియక "పాస్‌వర్డ్ ఎవరో మార్చేశారు" అని గోల. ఎక్సెల్‌లో స్క్రోల్ లాక్ పడితే బాణం కీలు గడిని వదిలేసి షీటు మొత్తాన్ని జరుపుతాయి. ఇవేవీ రోగాలు కావు. మన చెయ్యి చెప్పింది, మెషిన్ చేసింది. మన చెయ్యి చెప్పిన సంగతి మనకి తెలియదు, అంతే తేడా.

అందుకే రీస్టార్ట్‌ని నేను వైద్యంగా ఒప్పుకోను గానీ, పరీక్షగా ఒప్పుకుంటాను. రీస్టార్ట్‌తో పోయిందంటే మెషిన్ ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది. రీస్టార్ట్ చేసినా పోలేదంటే అది చాలాసార్లు సెట్టింగే, మనమో మన వేలో మార్చి దాచిపెట్టినది. ఇంకో యూజర్‌గా లాగిన్ అయి చూస్తే ఆ అనుమానమూ తీరుతుంది. అక్కడ బాగుంటే సెట్టింగ్ మీ అకౌంట్‌దే.

ఇంతవరకూ రాసి ముగింపు కూడా సిద్ధం చేసుకున్నాను. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో కీబోర్డ్. స్టిక్కీ కీస్, ఫిల్టర్ కీస్ అని ఉంటాయి, ఒక్కోదాని లోపల 'కీబోర్డ్ షార్ట్‌కట్' అని ఒక మీట. అన్నీ ఆఫ్ చేసెయ్యండి, పీడా వదులుతుంది అని రాద్దామనుకున్నాను. ఆ వాక్యం దగ్గరికొచ్చేసరికి గుంటూరు అరండల్‌పేట గుర్తొచ్చింది.

విండోస్ ఎక్స్‌పీ రోజులు. అక్కడొక డీటీపీ సెంటర్ ఉండేది, నా వ్యాసాలన్నీ అక్కడే కొట్టించేవాణ్ణి. మిగతా సెంటర్లన్నీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో మేటర్ కొడుతుంటే, ఇక్కడి ఆపరేటర్ గారు మాత్రం వర్డ్‌లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో కొట్టేవారు. ఫైలు ఇంకో సిస్టమ్‌లో తెరిస్తే అక్షరాలు పిచ్చిగీతలవకుండా ఉంటాయని ఆయన వాదన. ఆయనకి ఎడమ చెయ్యి కదలదు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఇన్‌స్క్రిప్ట్ తెలియనివాళ్లకి రెండు ముక్కలు. కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో భారతీయ భాషలన్నిటికీ కలిపి ప్రమాణంగా పెట్టిన అమరిక అది. అచ్చులూ గుణింతాలూ ఎడమ చేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడి వైపు. ఒకే కీ మీద గుణింతం, షిఫ్ట్‌తో దాని అచ్చు. ఒకే కీ మీద క, షిఫ్ట్‌తో ఖ. అంటే ఇంగ్లిషులో షిఫ్ట్ వాక్యానికోసారి పెద్దక్షరానికి కావాలి, తెలుగులో మాట మాటకీ కావాలి. ఆపరేటర్ గారి టేబుల్ మీద పెళ్లిళ్ల సీజన్‌లో ఎక్కువగా పడే మాటే తీసుకోండి: శుభలేఖ. మొత్తం 6 నొక్కుళ్లు. అందులో శ, భ, ఖ మూడూ షిఫ్ట్ పట్టుకుంటే గానీ రావు. శ అయితే ఎమ్ కీ, షిఫ్ట్ దానికి దగ్గరే, ఎలాగో సాగదీసి కొట్టొచ్చు. ఇలా మాటకి మూడుసార్లు చొప్పున రోజంతా సాగదీస్తే ఆ ఒక్క చెయ్యీ ఎన్నాళ్లుంటుంది?

ఆయన సాగదీసేవారు కాదు. షిఫ్ట్ నొక్కి వదిలేసేవారు, టిక్కుమనేది. తర్వాత ఎమ్ నొక్కేవారు, శ పడేది. స్టిక్కీ కీస్ ఆన్‌లో ఉంటే షిఫ్ట్‌ని పట్టుకోనక్కర్లేదు. తర్వాతి కీ వచ్చేదాకా అదే నిలబడి ఉంటుంది. రెండుసార్లు కొడితే మనం మళ్లీ కొట్టేదాకా పట్టుకునే ఉంటుంది. ఆ గదిలో ఫ్యాను చప్పుడు, టిక్కు టిక్కులు, మధ్య మధ్య "ఇక్కడ వత్తు తేడా వచ్చింది చూడండి" అంటూ నా వ్యాసానికి ఆయన దిద్దుబాట్లు. నిజం చెప్పొద్దూ, రెండు చేతులతో కొట్టే కుర్రాళ్లకన్నా ఆయన మేటర్‌లోనే తప్పులు తక్కువ.

సాయంత్రం షిఫ్ట్‌లో అదే సిస్టమ్ మీద ఇంకో కుర్రాడు కూర్చునేవాడు. స్టిక్కీ కీస్ సంగతి అతనికి తెలియదు, తెలియాల్సిన అవసరమూ రాలేదు. అతను మామూలుగా షిఫ్ట్ పట్టుకుని ఇంకో కీ కొట్టాడా, రెండు కీలు ఒకేసారి పడగానే స్టిక్కీ కీస్ దానంతటదే ఆగిపోతుంది. కంపెనీ నుంచి వచ్చేటప్పుడే అలా పెట్టి ఉంటుంది. పొద్దున్నే ఆపరేటర్ గారొచ్చి షిఫ్ట్‌ని 5 సార్లు కొట్టేవారు, ఓకే అనేవారు, పని మొదలుపెట్టేవారు. ఎవరినీ పిలవరు, సెట్టింగ్స్ తెరవరు. ఒకే మెషిన్ మీద ఇద్దరూ పోట్లాట లేకుండా బతికారు. ఈ ఏర్పాట్ల వెనక అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం ట్రేస్ సెంటర్ వాళ్ల కృషి ఉంది. విండోస్ 95 నాటి నుంచీ ప్రతి విండోస్‌తోనూ వస్తున్నాయి.

ఒకసారి సిస్టమ్ సర్వీసుకొచ్చిన కుర్రాడు మేలు చేద్దామనుకుని ఆ షార్ట్‌కట్‌ని ఆఫ్ చేసి వెళ్లాడు. అచ్చం నేను పైన రాయబోయిన సలహాయే. మర్నాడు ఆపరేటర్ గారు 5 సార్లు కొట్టారు. పది సార్లు కొట్టారు. కంట్రోల్ ప్యానెల్ అంతా వెతికి మీట పట్టుకునేసరికి, తొమ్మిదింటికే తాంబూలాల ముహూర్తమని కార్డు కోసం వచ్చినవాళ్లు పక్క సెంటర్‌కి వెళ్లిపోయారు.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. 1981లో ఐబీఎం మొదటి పీసీ తయారవుతున్నప్పుడు డేవిడ్ బ్రాడ్లీ అనే ఇంజనీరు రీస్టార్ట్‌కి ముందు కంట్రోల్, ఆల్ట్, ఎస్కేప్ అని పెట్టాడు. మూడూ ఎడమవైపే ఉన్నాయి, పొరపాటున చెయ్యి తగిలితే చేసిన పనంతా పోతుందని ఎస్కేప్ బదులు ఎక్కడో కుడి చివరున్న డిలీట్‌ని పెట్టారు. రెండు చేతులూ వాడితే తప్ప నొక్కుడు పడదు, కాబట్టి పొరపాటు జరగదు. తెలివైన పనే. కానీ పొరపాటు జరగకూడదంటే రెండు చేతులు కావాలన్నప్పుడు, ఒక్క చెయ్యి ఉన్నవాళ్లకి ఆ తలుపు మూసుకుపోయినట్టే. స్టిక్కీ కీస్‌ని లేపడానికి మూడు కీలు కలిపి నొక్కాలని పెడితే మా మేనకోడలికీ నాకూ హాయి. మూడు కీలు కలిపి నొక్కగలిగినవాడికి స్టిక్కీ కీస్‌తో పనేంటి? ఒక్క వేలితో లేచేదై ఉండాలి. ఒక్క వేలితో లేచేది పొరపాటునా లేస్తుంది. ఆ రెండూ విడదీసి పెట్టడం కుదరదు.

నా మనసు పూర్తిగా మారింది మాత్రం బుధవారం. మేనకోడలు మళ్లీ ఫోను. ఈసారి క్లాసులో ప్రొజెక్టర్ తగిలించి పాఠం చెప్పి, ఇంటికొచ్చి చూస్తే మార్కుల ప్రోగ్రాం కనబడటం లేదు. కింద టాస్క్‌బార్‌లో ఉంది, నొక్కితే వెలుగుతోంది, స్క్రీన్ మీద మాత్రం లేదు.

విండోస్‌కి ప్రతి విండో చిరునామా అంకెల్లో ఉంటుంది. మెయిన్ స్క్రీన్ ఎడమ పై మూల సున్నా, సున్నా. దానికి ఎడమవైపు 1920 పిక్సెళ్ల వెడల్పున్న రెండో స్క్రీన్ ఉందనుకోండి, దాని ఎడమ అంచు మైనస్ 1920. మామూలుగా రెండో స్క్రీన్ పీకేస్తే విండోలను విండోసే ఇవతలికి తెచ్చుకుంటుంది. కొన్ని ప్రోగ్రాములు మాత్రం తమ పాత చిరునామా తామే రాసిపెట్టుకుని, మళ్లీ తెరిచినప్పుడు తిన్నగా అక్కడికే వెళ్తాయి. స్క్రీన్ లేని చోట. మౌస్ అక్కడికి పోదు.

"ఆల్ట్, టాబ్‌తో ఆ ప్రోగ్రాంని ఎంచుకో. ఆల్ట్ పట్టుకుని స్పేస్ బార్ కొట్టు. చిన్న మెనూ వస్తుంది, ఎమ్ నొక్కు. మూవ్ బూడిద రంగులో ఉంటే ముందు ఆర్ నొక్కి, మళ్లీ మొదలుపెట్టు. ఇప్పుడు ఏదో ఒక బాణం ఒక్కసారి కొట్టి, మౌస్ కదుపు."

"వచ్చింది! మౌస్‌కి అతుక్కుని వచ్చేసింది!"

"క్లిక్ చెయ్యి, ఉన్నచోట ఆగుతుంది. కొత్త యాప్‌లలో కొన్నిటికి ఆ మెనూ ఉండదు. అప్పుడు విండోస్ కీ పట్టుకుని ఎడమ బాణమో కుడి బాణమో కొట్టు."

మౌస్ ఉన్న కాలంలో, విండోని కీబోర్డుతో జరిపే ఈ మూవ్ అన్నది ఎందుకుందని ఎప్పుడైనా ఆలోచించారా? 1985లో విండోస్ మొదటిసారి వచ్చినప్పుడు మౌస్ లేని పీసీలే ఎక్కువ. తర్వాత 1987లో ఐబీఎం విడుదల చేసిన సీయూఏ నియమావళి కూడా మౌస్ లేకుండానే పనులు జరగాలన్నది. సహాయానికి ఎఫ్1, మూసెయ్యడానికి ఆల్ట్ ఎఫ్4 ఆ కుదురు నుంచి వచ్చినవే. మౌస్ పట్టుకోలేనివాళ్లకీ, కళ్లు కనబడక స్క్రీన్ రీడర్‌తో పనిచేసేవాళ్లకీ ఈ రోజుకీ ఇవే ఆధారం. మౌస్ చేతిలో ఉన్న మా మేనకోడలు బుధవారం రాత్రి బయటపడిందీ వాళ్ల దారినే.

కాబట్టి ఆ మీటలన్నీ ఆఫ్ చెయ్యమన్న ముగింపు కొట్టేస్తున్నాను. మీ ఒక్కరిదే అయిన ల్యాప్‌టాప్‌లో మీ ఇష్టం, నేనేమీ అనను. పది మంది కూర్చునే చోట, అంటే కాలేజీ ల్యాబులో, లైబ్రరీలో, మీసేవ కౌంటర్‌లో, డీటీపీ సెంటర్‌లో వాటి జోలికి వెళ్లకండి. ఎస్, నో అని అడిగినప్పుడు చదివి నో కొట్టడానికి మనకి రెండు సెకన్లు చాలు. ఇక రిపేరు షాపుల మిత్రులకి ఒక మనవి. కస్టమరు రాగానే "ఏమైంది" అని కాక "ఏం చేస్తుండగా అయింది" అని అడగండి. జవాబులో షిఫ్ట్ కనబడితే అక్కడికక్కడే సరిచేసి పంపండి. ఫీజు మాత్రం పూర్తిగా తీసుకోండి, అందులో తప్పేం లేదు.