మెలిక తిరిగిన గీత

సేమ్యా పాయసం ఇష్టమైనవాళ్లు ముందు నన్ను క్షమించాలి. పొట్లం మీద 'వర్మిసెల్లి' అని ఉంటుంది చూశారూ, ఆ ఇటాలియన్ మాటకి అర్థం చిన్న చిన్న పురుగులని! రూపాన్ని బట్టి పెట్టిన పేరే లెండి, భయపడకండి. ఆ మాటకి మూలమైన లాటిన్ మాటలోంచే శిల్పులకి ఇంకో మాట దొరికింది: వర్మిక్యులేషన్. పురుగు తొలిచిన కొయ్యలా రాతి మీద మెలికలు మెలికలుగా చెక్కడమన్నమాట. పారిస్‌లో 1674లో కట్టిన సెయింట్ మార్టిన్ విజయతోరణం మీద ఈ చెక్కడం కనిపిస్తుంది. మనం తలుపుకి పురుగు పడితే కిరసనాయిలు పూసి చంపుతాం. వాళ్లేమో కూలి ఇచ్చి మరీ రాతికి పురుగు పట్టించుకున్నారు!

నవ్వుకున్నా, అందులో తెలివి లేకపోలేదు. నున్నటి రాయి మీద ఎండ జారిపోతుంది. మెలికలున్న రాయి మీద నీడలు నిలుస్తాయి. గోడకి బరువూ, గరుకుతనమూ వస్తాయి.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, ఆ మధ్య ఖమ్మంలో మా మరిదిగారి గృహప్రవేశానికి వెళ్లాం. హాల్లో ఒక గోడ నిండా అలలే. టెక్స్చర్ పెయింటట. తడి పూత మీద దువ్వెనలాంటి పలకని వంపులు తిప్పుతూ లాగితే అలా గీతలు పడతాయట. చదరపుటడుగుకి ఇంతని లెక్క. మా తోడికోడలు ఆ గోడ ముందు నిలబెట్టి వచ్చినవాళ్లందరికీ ఫోటోలు తీయిస్తోంది. ఆ గాడుల్లో చేరే దుమ్ము రేపటినించి దులపాల్సింది కూడా తనే కదా అనుకున్నాను గాని, శుభమా అని గృహప్రవేశం రోజున ఆ మాటెందుకని ఊరుకున్నాను.

మా అత్తయ్య మాత్రం గోడ దగ్గరికెళ్లి అరచేత్తో ఓసారి తడిమి, "ఇది మా అలుకుడు గీతే గదే!" అంది.

నిజమే. నేలకొండపల్లిలో వాళ్ల పాత ఇంటిది మట్టి నేల. నేను కాపరానికొచ్చిన కొత్తలో ఆవిడ గొంతుక్కూర్చుని, పేడా ఎర్రమన్నూ కలిపి, వెనక్కి వెనక్కి జరుగుతూ అలుకుతూంటే చూసేదాన్ని. మోచెయ్యి ఇరుసులా తిరుగుతుంది. వేళ్ల వెనక అర్ధచంద్రాల్లా గీతలు పడతాయి. ఒకదాని అంచు మీదికి ఇంకొకటి. ఆరాక నేలంతా గాలికి కదిలిన చెరువులా ఉండేది. ఎంత అందంగా ఉందత్తయ్యా అంటే ఆవిడ నవ్వింది. "అందమేంది పిల్లా! గీత పడని చోట చెయ్యి పడలేదని గుర్తు. అలికిందీ అలకందీ తెలియాలి గదా."

చిత్రకళ గురించి చాలా వ్యాసాలు చదివాను గాని, ఇంత సూటి మాట నాకు వాటిల్లో దొరకలేదు.

మర్నాడు అందరం నేలకొండపల్లి వెళ్లాం. ఊరివాళ్లు విరాటరాజు దిబ్బ అనే చోటికి వెళ్లే దారిలో ఎండుగడ్డిలోంచి ఒక కౌజుపిట్ట దభాలున లేచింది. అంతసేపూ అది మా కాళ్ల ముందే ఉంది! దాని ఈకల మీద సన్నసన్నగా చారలూ, అలల్లాంటి గీతలూ. గడ్డిలో గడ్డిలా కలిపేస్తాయి. ఆ గీతలు దానికి నగలు కావు, ప్రాణం.

అక్కడి బౌద్ధ స్తూపం మూడు, నాలుగు శతాబ్దాల నాటిదంటారు. ఇవాళ కనిపించేది తిరిగి నిలబెట్టిన ఇటుకల వరసలే. "ఏముందక్కా ఇందులో, ఒక్క పువ్వన్నా లేదు" అంది తోడికోడలు. చుట్టూ తిరుగుతూంటే నాకు మరో స్తూపం గుర్తొచ్చింది. అమరావతిది. దాని పలకలు కొన్ని మద్రాసు ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి, కొన్ని లండన్‌లో ఉన్నాయి. ప్రాకారం పైవరసన పొడుగాటి పూలదండ చెక్కారు. పైకి లేస్తుంది, కిందికి వంగుతుంది, మళ్లీ లేస్తుంది. మ్యూజియంలో ముక్కలుగా చూస్తే అది అలంకారమే. కాని ప్రదక్షిణం చేసే మనిషి పక్కన ఊహించుకోండి. అడుగుతోపాటు అదీ నడుస్తుంది. ముందుకి రమ్మని కంటిని లాక్కుపోతుంది.

ఇంకొకటి కూడా ఉంది. ఆ దండ దానంతటది గాల్లో తేలడం లేదు. బరువైన దండ. దాన్ని మనుషులు మోస్తున్నారు. ఒళ్లు వంచి, చేతులెత్తి మోస్తున్నారు. అలని చెక్కిన శిల్పి దాని కింద ఉన్న భుజాలని దాచలేదు. అందుకే నాకు ఆ దండ ముందు పారిస్ తోరణం చిన్నదిగా కనిపిస్తుంది. అక్కడ పురుగు లేకుండానే పురుగు జాడ ఉంది. ఇక్కడ జాడతోపాటు మనిషి ఉన్నాడు.

మరి మన హాల్లో గోడ మాటేమిటి? వెక్కిరించడం తేలిక. నేనూ మనసులో వెక్కిరించాను. కాని ఆలోచిస్తే, అదీ ఒక చెయ్యి తిరిగిన జాడే కదా. నిచ్చెనెక్కి, పూత ఆరిపోయేలోగా, భుజం లాగేస్తున్నా ఆపకుండా ఎవరో లాగిన గీతలవి. అలుకుడు పోయిందని నేను ఏడవను. దానికి ఖరీదు మా అత్తయ్య మోకాళ్లు. గచ్చు వేయించిన రోజున ఆవిడ ఎంత సంతోషించిందో నేను కళ్లారా చూశాను. కాని ముగ్గుని మెచ్చుకున్న ఊరు, దాని కింది అలుకుడుని ఒక్కనాడూ మెచ్చుకోలేదు.

తిరుగు దారిలో బస్సులో తోడికోడల్ని అడిగాను: "ఆ గోడ చేసినతన్ని భోజనానికి పిలిచావా?"

"లేదక్కా. తోచనే లేదు" అంది. కాసేపు కిటికీలోంచి చూసి, "పేరు కూడా అడగలేదు" అంది.

అత్తయ్య మా ఇద్దరి మధ్యా కూర్చుని వింటోంది. ఏమీ అనలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, కుడి మోచెయ్యి మెల్లగా నొక్కుకుంటోంది.