మాక్ ఇంటర్వ్యూలు

సివిల్స్ మెయిన్స్ ఫలితములు వెలువడినది మొదలు హైదరాబాదు అశోక్‌నగర్ వీధులలో, ఇస్త్రీ చెడకుండ కోటును చేతిమీద వేసికొని ఒక మాక్ ఇంటర్వ్యూనుండి మరియొకదానికి పరుగులిడు అభ్యర్థులు ఎచ్చట చూచినను కానవత్తురు. అట్టి ఉత్తుత్తి బోర్డులలో ప్రశ్నలడుగువారి వరుసలో నేనును అప్పుడప్పుడు కూర్చుండుట కలదు గాన, ఆ సాధనను గూర్చి నాకు తోచిన నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

సివిల్స్ మొత్తము 2025 మార్కులలో అసలు ఇంటర్వ్యూకు గలవి 275 మాత్రమే. భయము మాత్రము ఆ పాళ్లలో లేదు. ఢిల్లీలోని యూపీఎస్సీ కార్యాలయమగు ధోల్‌పూర్ హౌస్‌లో సుమారు అరగంట సేపు జరుగు ఈ ప్రసంగము కఠినమైన అడ్డుసవాలు కాదనియు, ఒక లక్ష్యముతో సహజముగా సాగు సంభాషణమనియు కమిషన్‌వారే తమ నియమములలో చెప్పియున్నారు. ఆ వాక్యమును చదివినవారు పలువురు, నమ్మినవారు అరుదు. నమ్మనివారు సమాధానములను కంఠస్థము చేయుదురు.

ఒకమారు మాయెదుటికి ఏటికొప్పాక యువకుడొకడు వచ్చెను. వరాహనదీతీరమునందలి తన గ్రామపు లక్కబొమ్మల ప్రస్తావన వచ్చినదే తడవుగా, అంకుడు కర్ర, ప్రకృతిసిద్ధమైన రంగులు, 2017లో లభించిన భౌగోళిక గుర్తింపు, సమస్తమును ఊపిరి తిప్పుకొనక ఏకరువు పెట్టెను.

"బాగుంది బాబూ. ఆ కర్ర ఇప్పుడెక్కణ్ణుంచి వస్తోంది? బొమ్మ చేసేవాడికి రోజుకేం గిడుతుంది?" అంటిని.

అతడు కొంత తడవు మిన్నకుండి, పిమ్మట నోటికి వచ్చిన అంకె యొకటి చెప్పెను. తెలియదనుట అతడు అభ్యసింపలేదు, మేమును నేర్పలేదు. పండుగకు ఊరికేగి, పనివారి చెంత కూర్చుండి, మరల వచ్చినప్పుడు అతని వాక్యములు మునుపటికంటె తడబడినవి గాని, అవి అతని వాక్యములు. బోర్డులో మేమందరమును కుర్చీలు ముందుకు జరుపుకొని వింటిమి.

డాఫ్ అని పిలువబడు సవిస్తరమైన దరఖాస్తులో అభ్యర్థి తన ఊరు, చదువు, ఉద్యోగము, అభిరుచులను గూర్చి తాను వ్రాసికొన్నదే ఈ పరీక్షకు ముఖ్యమైన పాఠ్యగ్రంథము. (పుస్తకపఠనము తన అభిరుచియని వ్రాసి, కడపట చదివిన పుస్తకము పేరు చెప్పలేక చెమటలు పట్టినవారిని చాలమందిని చూచితిని.) ఆ పత్రములోని ప్రతి పంక్తిని ముందుంచుకొని, మొగమాటము లేక నడుమ నడ్డగించి "ఎందుకు?" అని అడుగగల మిత్రుడొకడు లభించెనా, అదియే ఉత్తమమైన సాధన. మా బోర్డులు రెండుమూడు చాలును. అంతకు మించినచో, ఒకరు చిరునవ్వు చాలదందురు, వేరొకరు ఎక్కువైనదందురు. వినువాడు తన సహజమైన మొగమును పోగొట్టుకొనును.

భాషయు నిట్టిదే. మెయిన్స్ తెలుగులో వ్రాసినవారు ఇంటర్వ్యూను తెలుగులోనే ఇయ్యవచ్చును. అయినను కొందరు, చిన్నతనమగునను శంకతో, పలుకు పలుకునకు తడుముకొనుచు ఇంగ్లీషునే ఆశ్రయింతురు. అట్టివారు కోరిన పదమునకై వెదకుకొనుటలోనే కాలము గడచిపోవును, చెప్పదలచిన విషయము వెనుకబడును. ఇందుకు భిన్నముగా, శ్రీకాకుళం జిల్లావాడైన రోణంకి గోపాలకృష్ణ 2016 సివిల్స్ మెయిన్స్‌ను తెలుగు మాధ్యమముననే వ్రాసి, దేశమంతటికిని మూడవ ర్యాంకు పొందెను.