విరహిణికి నెల తప్పదా?

భామాకలాపమంతా కృష్ణుడి ఎడబాటులో సత్యభామ పడే వేదన చుట్టూ తిరుగుతుంది. ఆ వేదన ఆమె ఒక్కదానిదే కాదు, మన ప్రబంధాల్లోని విరహిణులందరిదీ. నిద్ర పట్టదు. అన్నం సహించదు. గాజులు జారిపోయేటంతగా ఒళ్ళు చిక్కిపోతుంది. అలంకారికులు ఈ స్థితులకు మన్మథావస్థలని పేరుపెట్టి, పదిగా లెక్కగట్టి, పదోది మరణమన్నారు.

ఇంత సూక్ష్మమైన లెక్కలో ఒక్కటి మాత్రం లేదు. తిండీ నిద్రా లేక, దిగులుతో చిక్కిపోయిన స్త్రీకి నిజంగా జరిగేది నెలసరి ఆలస్యం కావడం, ఒక్కోసారి ఆగిపోవడం. శరీరానికి శక్తి చాలనప్పుడు మెదడులోని హైపోథాలమస్ అండాశయాలను నడిపే సంకేతాలను తగ్గిస్తుంది. అండం విడుదల కాదు, ముట్టు రాదు. విరహతాపానికి చందనం పూసిన కవులెవరికీ ఈ సంగతి పట్టలేదు. వాళ్ళు రాసింది చూడటానికి పనికొచ్చే శరీరాన్ని. అందులో బతికే మనిషి అనుభవం వాళ్ళకు అక్కర్లేదు.

కూచిపూడిలో ఇది ఇంకో అడుగు ముందుకెళ్ళింది. భాగవతుల కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలన్నది సిద్ధేంద్రయోగి పేరుతో చెప్పుకునే సంప్రదాయం. ఆ ఇళ్ళ ఆడపిల్లలకు మాత్రం గజ్జె లేదు. వేదాంతం సత్యనారాయణ శర్మ అభినయాన్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. ఆ జడ, ఆ నడక, ఆ చూపు అన్నీ స్త్రీవే. కాని నెల అంటూ లేని స్త్రీవి.

వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి స్త్రీలకు నేర్పడం, 1963లో వెంపటి చినసత్యం మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టడం వల్ల ఆడపిల్లలు రంగస్థలం మీదికొచ్చారు. కొలత మాత్రం పాతదే మిగిలింది. ముట్టులో గజ్జె ముట్టకూడదన్న పట్టింపు చాలాచోట్ల ఉంది. అందుకని ప్రదర్శనకు ముందు నోరెథిస్టెరోన్ మాత్రలు వేసుకుని నెలసరిని వాయిదా వేసుకుంటారు. మానేసిన రెండు మూడు రోజులకు ముట్టు వస్తుంది. డాక్టరుని అడక్కుండా పదేపదే వాడితే క్రమం చెడుతుంది. అసలు ఒంట్లో ఉన్న సమస్య కూడా కప్పడిపోతుంది. కఠినమైన సాధనకు తోడు సన్నబడాలని తిండి మానేస్తే ముట్టు ఆగి, ఈస్ట్రోజెన్ తగ్గి, నాట్యాన్ని మొయ్యాల్సిన ఎముకలే బలహీనమవుతాయి.

ఇక మన భాష సంగతి. ముట్టు, మైల, బహిష్టు, దూరం, ‘బయట ఉంది’ అని ముట్టుకు ఎన్ని మాటలో! ఆలస్యానికి మాత్రం ఒకటే మాట, ‘నెల తప్పింది’. దానికి అర్థం కడుపొక్కటే. మన నవలల్లో, సినిమాల్లో హీరోయిన్ కళ్ళు తిరిగి పడిపోతే, నాడి చూసిన డాక్టరు శుభవార్త చెబుతుంది. పెళ్ళి కాకపోతే అదే పరువు సమస్య. రెండు నెలలుగా ముట్టు రాని పెళ్ళికాని పిల్ల, తల్లికి చెప్పడానికి ఎందుకు భయపడుతుందో వేరే చెప్పాలా?

గర్భం ఒక కారణం, ముందు పరీక్ష చేయించుకోవాల్సిందే. కాని థైరాయిడ్ ఉంది, ప్రొలాక్టిన్ ఎక్కువవడం ఉంది. సుమారు పదిమందిలో ఒకరికి పీసీఓఎస్ ఉంది. బరువు ఒక్కసారిగా పెరగడం, తరగడం, తీవ్రమైన ఒత్తిడి, పాలివ్వడం, గర్భనిరోధక ఇంజెక్షన్లు, కొన్ని మానసిక వ్యాధుల మందులు, నలభైల్లో ముట్లుడిగే దశ కూడా కారణాలే. 21 నుంచి 35 రోజుల మధ్య ముట్టు రావడం మామూలే. మూడు నెలలు రాకపోతే మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన ‘సవాలక్ష సందేహాలు’ ఇలాంటి విషయాలు తెలుగులో దాపరికం లేకుండా చెప్పింది. 1993లో వచ్చిన ‘నీలిమేఘాలు’ కవయిత్రులు స్త్రీ శరీరాన్ని స్త్రీ గొంతుతో కవిత్వంలోకి తెచ్చారు. అయినా కడుపుతో సంబంధం లేని ఆలస్యం, థైరాయిడ్ రిపోర్టు చేతిలో పట్టుకున్న అమ్మాయి, మన కథల్లో ఇంకా అరుదే. నేను విమర్శకురాలిగా రచయిత్రులను అడిగేది ఆమె కథే. అది చదివిన ఏ తల్లయినా కూతురిని ‘ఏం చేశావే?’ అని కాకుండా, ‘ఎన్నాళ్ళయిందమ్మా?’ అని అడగొచ్చు.